పొరుగు జిల్లా పూచీకత్తు: న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యర్

రాజకీయాలలో తిరిగినవారు న్యాయపీఠానికి తగరన్న అభిప్రాయం మనలో బలమైనది. 1973లో వి. ఆర్. కృష్ణయ్యర్‌ సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు న్యాయవాదులలో కొందరి అభ్యంతరమూ ఇదే. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1915లో పాలక్కాడ్‌లో పుట్టిన ఆయన తలశ్శేరిలో వకీలుగా రైతుల, కార్మికుల పక్షాన వాదించారు. 1952లో మద్రాసు శాసనసభకు, 1957లో కేరళ శాసనసభకు ఎన్నికయ్యారు. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో న్యాయ, హోమ్, జైళ్ళ శాఖలు చూశారు. 1965లో ఓడిపోయి, 1968లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

అనుమానానికి సమాధానం 1975 జూన్ 24న వచ్చింది. అలహాబాద్ తీర్పుపై ఇందిరాగాంధీ కోరిన సంపూర్ణమైన స్టేను ఆయన నిరాకరించారు: ప్రధానిగా కొనసాగవచ్చు, లోక్‌సభలో ఓటు మాత్రం వేయరాదు. మరునాటి రాత్రే అత్యవసర పరిస్థితి. చరిత్ర ఆయనను ఎక్కువగా ఈ ఉత్తర్వుతోనే గుర్తుంచుకుంటుంది. నా దృష్టిలో అంతకన్న విలువైనది 1978 నాటి మోతీరామ్ తీర్పు.

మోతీరామ్ మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినా, కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీకత్తు అడిగారు. సోదరుడు పూచీగా నిలబడితే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. బెయిలు కాగితం మీద ఉంది, మనిషి జైలులో ఉన్నాడు. కృష్ణయ్యర్ ఇక్కడ చట్టంలోని మాటల దగ్గర ఆగక, దేశపటం ముందు పెట్టుకున్నారు. దక్షిణాదివాడు, తెలుగువాడే అనుకుందాం, బస్తర్‌లోనో పహల్‌గామ్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుడైన హామీదారును ఎక్కడ తెస్తాడు? బతుకుతెరువు కోసం ఊరు విడిచిన వారందరికీ తగిలే ప్రశ్న ఇది. పరాయి దేశంలో ఉన్న మనకు వివరించనక్కరలేదు. చివరికి వెయ్యి రూపాయల స్వంత పూచీకత్తుపై విడుదల చేయమన్నారు.

ఆయన ఇంగ్లీషు మోయలేనంత అలంకారమయం. ఒక్కొక్క వాక్యాన్ని రెండుసార్లు చదవవలసి వస్తుంది. ఈ తీర్పులో మాత్రం అది అడ్డు రాదు. 1948లో, కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేశారన్న ఆరోపణపై, ఆయన స్వయంగా నెల రోజులు జైలులో గడిపారు. జైళ్ళ మంత్రి కావడం ఆ తరువాతి సంగతి. తిహార్‌లో తోటి ఖైదీపై జరిగిన హింస గురించి సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషనుగా స్వీకరించినప్పుడు, 1979లో ఆ తీర్పు రాసినదీ ఆయనే.