మేడమీది వాటాలో ఉక్కపోత

హైదరాబాదులో పదేళ్లుగా ప్రతి వేసవినీ కూలరు సాయంతో గడిపిన కుటుంబం ఒకటి ఉద్యోగరీత్యా కోనసీమలోని ఒక పల్లెకు మారిందనుకొందాం. కాలవగట్టున కొత్తగా కట్టిన డాబా ఇల్లు. అందులో మేడమీద రెండు గదుల వాటా అద్దెకు దొరికింది. చుట్టూ కొబ్బరితోటలు, ఎదుట వరిచేలు. కనీసం ఒక సంవత్సరమైనా ఉండవలసిన ఇల్లు గనుక సామానుతోపాటు కూలరునుకూడా తెచ్చుకొన్నారు. మే నెల వచ్చింది. హైదరాబాదులో మధ్యాహ్నం 40 డిగ్రీలుండేది. ఇక్కడ ఉష్ణమాపకం 35 డిగ్రీల సెంటిగ్రేడునే చూపుతున్నది. అయినా ఒళ్లంతా జిడ్డు. రాత్రి నిద్ర లేదు. కూలరు తిప్పినకొద్దీ ఉక్క హెచ్చుతున్నదేగాని తగ్గడంలేదు. తెల్లవారేసరికి పక్కబట్టలుకూడా చెమ్మగిల్లుతున్నాయి.

కూలరు చెడిపోలేదు. ఉష్ణమాపకం అబద్ధం చెప్పడంలేదు. అయితే ఉష్ణమాపకం సగం సంగతే చెపుతుంది. మిగిలిన సగం గాలిలో కంటికి కనిపించకుండా ఉన్న నీటిఆవిరిలో ఉన్నది. ఉష్ణమండలంలోని తీరగ్రామంలో నెలల తరబడి ఉండబోయేవారు ముందుగా తెలుసుకోవలసినది ఈ రెండవ సగాన్నే.

గాలిలో దాగిన నీరు

వేడిగాలి చల్లగాలికంటె ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదు. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీలవద్ద సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీలవద్ద సుమారు 30 గ్రాములు, 40 డిగ్రీలవద్ద సుమారు 51 గ్రాముల ఆవిరిని మాత్రమే భరించగలదు. ఈ పరిమితిలో నూటికి ఎంతవంతు నిండి ఉన్నదో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత.

ఉదాహరణకు హైదరాబాదు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో ఆర్ద్రత నూటికి 20 వంతులనుకొందాం. అప్పుడు ఘనపు మీటరు గాలిలో ఉన్న ఆవిరి 10 గ్రాములు. కోనసీమలో 35 డిగ్రీలవద్ద ఆర్ద్రత నూటికి 65 అనుకొంటే, ఆవిరి సుమారు 26 గ్రాములు. వేడి ఐదు డిగ్రీలు తక్కువ. నీరు రెండున్నర రెట్లు ఎక్కువ. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గది గాలిలో ఇంచుమించు ముప్పావు లీటరు నీరు ఆవిరి రూపంలో ఉన్నదన్నమాట.

దీనిని ఎవరికి వారే పరీక్షించి చూడవచ్చు. ఒక స్టీలు గ్లాసులో సగందాకా నీరు పోసి, ఉష్ణమాపకం ఉంచి, ఐసుముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. గ్లాసు వెలుపల సన్నని చెమ్మ పట్టడం మొదలైనప్పుడు ఉష్ణోగ్రత ఎంతో గుర్తించండి. గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఆ ఉష్ణోగ్రతే తుషార స్థానం. పైన చెప్పిన హైదరాబాదు గాలిలో అది దాదాపు 13 డిగ్రీలు. కోనసీమ గాలిలో దాదాపు 27 డిగ్రీలు. మొదటి చోట గ్లాసు బాగా చల్లబడితేగాని చెమ్మ పట్టదు. రెండవ చోట నీరు కొద్దిగా చల్లబడగానే పడుతుంది.

శరీరం ఎదుర్కొనే చిక్కు

ఊరక కూర్చున్న మనిషి శరీరంనుంచికూడా గంటగంటకూ వేడి వెలువడుతూనే ఉంటుంది. దాని పరిమాణం ఇంచుమించు ఒక నూరు వాట్ల బల్బుతో సమానం. ఆ వేడి బయటికి పోవాలి. చర్మపు ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీలవరకు ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి కూడా అంతే వేడిగా ఉన్నప్పుడు శరీరానికి మిగిలిన మార్గం ఒక్కటే - చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరంనుంచి పోతుంది. కాని అది ఆరాలి. కారిపోయిన చెమట శరీరంలోని నీటిని, ఉప్పును తీసుకొనిపోతుందేగాని వేడిని దాదాపు తీసుకొనిపోదు. గాలి ముందే ఆవిరితో నిండి ఉంటే చెమట ఆరదు; దానినే మనం ఉక్క అంటున్నాము.

ఉష్ణమాపకపు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేటట్లు ఉంచితే, నీరు ఆరడంవల్ల అది చల్లబడి ఒకచోట నిలుస్తుంది. దీనికి తడిబల్బు ఉష్ణోగ్రత అని పేరు. నీటిని ఆరబెట్టి ఎంతవరకు చల్లబరచవచ్చునో దానికిదే హద్దు. మన ఉదాహరణలో అది హైదరాబాదులో సుమారు 23, కోనసీమలో సుమారు 29 డిగ్రీలు. కూలరు ఈ హద్దువైపు గాలిని లాగగలదుగాని దాటలేదు. కనుకనే హైదరాబాదులో 40 డిగ్రీల గాలిని 26, 27 డిగ్రీలకు దించే కూలరు కోనసీమలో 35 డిగ్రీల గాలిని 30 డిగ్రీలకు దించేసరికే అలసిపోతుంది. పైగా ఆ గాలిని ఆవిరితో నింపి, చెమట ఆరకుండా చేస్తుంది.

ఇది కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు. తడిబల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా ఎక్కువ గంటలు తట్టుకోలేడని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిపి 2022లో ప్రకటించిన ప్రయోగాలలో, ఇంటిపనివంటి తేలిక శ్రమ చేస్తున్న ఆరోగ్యవంతులైన యువకులకే తేమవేడిలో సుమారు 31 డిగ్రీలవద్ద శరీరపు లోపలి వేడి అదుపు తప్పడం కనిపించింది. వృద్ధులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. మన 29 డిగ్రీలకు అది ఎంత దూరమో పాఠకులే చూడవచ్చు. భారత వాతావరణ శాఖ వడగాలిని నిర్ణయించేటప్పుడు మైదానాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండాలని, తీరప్రాంతాలలో 37 డిగ్రీలున్నా చాలునని తేడా పాటిస్తున్నది.

పైకప్పు దాచుకొన్న ఎండ

మేడమీది వాటాకు మరొక బాధ ఉన్నది. పదడుగుల చదరపు గదిమీద 12 సెంటీమీటర్ల మందంగల కాంక్రీటు శ్లాబు బరువు సుమారు 2,700 కిలోగ్రాములు. ఎండకు అది 10 డిగ్రీలు వేడెక్కితే అందులో చేరే ఉష్ణం దాదాపు ఆరున్నర యూనిట్ల విద్యుత్తుతో సమానం. గదిలో ఒక మనిషి అరవైఐదు గంటలు కూర్చుంటే వెలువడే వేడి ఎంతో, అంత!

ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ శ్లాబు అడుగుకు చేరేసరికి సాయంకాలమౌతుంది; అక్కడినుంచి అర్ధరాత్రి దాకా అది గదిలోకి దిగుతూనే ఉంటుంది. శ్లాబు అడుగు మన చర్మంకంటె వేడిగా ఉన్నంతసేపు, మంచంమీద పడుకొన్న మనిషి పైకప్పుకు వేడిని ఇవ్వడానికి బదులు దానినుంచి పుచ్చుకొంటాడు.

పూర్వపు మండువా లోగిళ్లలో ఈ బాధ తక్కువ. పెంకు పలచన, ఎండతో వేడెక్కినా సూర్యుడు వాలగానే త్వరగా చల్లారుతుంది. నడిమి మండువాలోనుంచి వేడిగాలి పైకి పోతుంది. తాటాకు కప్పు వేడిని లోపలికి పోనీయదు. అయినప్పటికీ శ్లాబును తిట్టిపోయడం న్యాయం కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమమీద విరుచుకుపడిన తుపానువంటి ఆపదలో పాకకంటె డాబా ఎంత విలువైనదో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. శ్లాబును ఉంచుకొని, దాని ఎండను పోగొట్టుకోవడమే చేయవలసిన పని.

అందుకు మొదటి సాధనం సున్నం. మామూలు కాంక్రీటు తనమీద పడిన ఎండలో అధికభాగాన్ని పీల్చుకొంటుంది. కొత్తగా వేసిన తెల్లసున్నం మూడింట రెండు వంతులకు మించి తిప్పికొడుతుంది. ఈ సూత్రం మీదనే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. రెండవ సాధనం నీరు. సాయంకాలం మేడమీద నీరు చల్లితే, పది లీటర్లు, అనగా ఒక బిందెడు నీరు, శ్లాబులోని వేడితోనే ఆరిపోయినపక్షంలో, పైన చెప్పిన ఆరున్నర యూనిట్ల ఉష్ణం అంతా తొలగిపోతుంది.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చు. గదిలో పనికిరాని నీరు మేడమీద ఎట్లా పనిచేస్తుంది? ఎండిన శ్లాబు పైభాగం 45 డిగ్రీలకు మించి వేడెక్కి ఉంటుంది. తడిబల్బు హద్దు 29 డిగ్రీలే. కాబట్టి నీరు ఆరడానికి కావలసినంత వ్యత్యాసం ఉన్నది. ఆవిరినికూడా గాలి ఎత్తుకొనిపోతుంది. గదిలోనైతే ఆవిరికి పోవడానికి దారి లేదు. నీరు శత్రువు కాదు. అది ఎక్కడ ఆరుతున్నదన్నదే ప్రశ్న. అయితే నీరు పల్చగా చల్లాలి, నిలవకూడదు. ఇంటియజమాని అనుమతికూడా ఉండాలి.

ఎయిర్ కండిషనరు గాలిని చల్లబరచడమేగాక ఆవిరినికూడా నీరుగా మార్చి గొట్టంద్వారా బయటికి పంపుతుంది. ఉక్కలో అది పనిచేయడానికి కారణమిదే. కాని ఒక టన్ను యంత్రం గంటకు తొలగించగల ఉష్ణం సుమారు మూడున్నర యూనిట్లు. కాగిన శ్లాబును చల్లార్చడానికే దాదాపు రెండు గంటలు పోతాయి. ముందు సున్నం వేసినవారికి కరెంటు బిల్లులో ఆ మేరకు కలిసివస్తుంది.

ఇంటిలో మనం పుట్టించే ఆవిరి

బయటి ఆవిరికి తోడు మనమూ కొంత చేరుస్తాము. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు ఒక కిలో 600 గ్రాముల నీటిఆవిరి పుడుతుంది. అన్నం ఎసరునుంచి వచ్చేది అదనం. నలుగురు మనుషులు రాత్రి నిద్రలో శ్వాసద్వారా, చర్మంద్వారా ఒక లీటరుకు మించిన నీటిని గాలిలోకి వదలుతారు. వానాకాలంలో గదిలో ఆరవేసిన బట్టలు మరికొన్ని లీటర్లు. గోడ పక్కనున్న గాలిలో ఆర్ద్రత రోజుల తరబడి నూటికి 80 దాటి ఉంటే బూజు మొలుస్తుంది. అది పుస్తకాలను, తోలువస్తువులను పాడుచేయడంతో ఆగదు. ఉబ్బసం ఉన్నవారి బాధను పెంచుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా ఉంచడం, వంటింటి పొగను బయటికి నెట్టే ఫ్యాను తిప్పడం, బట్టలు వసారాలో ఆరవేయడం చిన్న పనులే అయినా వాటి ఫలితం పెద్దది.

కింది వాటాలో శ్లాబు బాధ ఉండదు. కాని డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లు, ఇటుకలోని సన్నని రంధ్రాలద్వారా నీరు గోడలోకి పాకుతుంది. ఇదే కేశనాళికీయత. గోడ అడుగున సున్నం పొక్కులు లేచి తెల్లని ఉప్పు పట్టి ఉంటే అది దాని గుర్తు.

కిటికీ తగాదా

సాయంకాలం శ్లాబు వేడి గదిలోకి దిగే వేళకే దోమలు వస్తాయి. దోమలకు భయపడి కిటికీలు మూస్తాము. అప్పుడు వేడి, ఆవిరి రెండూ లోపలే చిక్కుకొంటాయి. దోమభయం తేలికగా తీసుకోవలసినది కాదు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికిందరాబాదులోనే. కనుక కిటికీ తెరవవద్దనడం కాదు, దానికి జాలీ ఉండాలనడం సరి అయిన సమాధానం. ఎదురెదురుగా రెండు కిటికీలకు జాలీ బిగించి, మంచానికి దోమతెర కట్టి, గాలిని ఆడనివ్వాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు. చర్మాన్ని అంటిపెట్టుకొన్న తేమగాలిని తొలగించి చెమట ఆరడానికి తోడ్పడుతుంది. ఉక్కలో అదే పెద్ద ఉపకారం.

ఇల్లు చూడబోయేటప్పుడు

సాధారణంగా మనం అద్దె ఇంటిని ఉదయం పదిగంటలకు చూస్తాము. అప్పటికి శ్లాబు ఇంకా చల్లగానే ఉంటుంది. గదులు హాయిగా కనిపిస్తాయి. పదకొండు నెలల ఒప్పందం రాసుకొనేముందు ఆ ఇంటినే రాత్రి తొమ్మిది గంటలకు మరొకసారి చూడండి. చేయి పైకెత్తి పైకప్పు కింద వేడి తగులుతున్నదేమో గమనించండి. కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయా, జాలీలున్నాయా, గోడ అడుగున పొక్కులున్నాయా, మేడమీద సున్నం వేయడానికి యజమాని ఒప్పుకొంటాడా అని విచారించండి. ఈ నాలుగు ప్రశ్నలకు ఖర్చు లేదు. ఇంటిలోని ముసలివారు, పసిపిల్లలు వేసవి రాత్రులు కంటినిండా నిద్రపోగలరా లేదా అన్నది అద్దె ఎంత అన్నదానికంటె వీటిమీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.