హాజరుపట్టీలో పేర్లు: ఉచ్చారణధర్మం

భారతీయ విద్యాసంప్రదాయంలో ఉచ్చారణకు ఉన్నతస్థానం కలదు. వేదాంగాలలో ఒకటైన శిక్ష వర్ణోచ్చారణను బోధించే శాస్త్రమే. హిందీలోను, వంగభాషలోను విద్యాభ్యాసానికంతటికీ ఆ శబ్దమే పేరైనది. అట్టి దేశంలో తరగతిగదిలో ప్రతిదినం మొట్టమొదట వినవచ్చే మాటలు విద్యార్థుల పేర్లు. ఆ పేర్లే తరచు వికృతమవుతూ ఉండడం ఆలోచింపదగిన విషయం.

దీనికి ఉపాధ్యాయుల అశ్రద్ధ కొంత కారణం. లిపి అంతకంటె పెద్ద కారణం. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పేర్లు సాధారణంగా రోమను లిపిలో ప్రయాణం చేస్తాయి. ఆ లిపిని వాడే తీరులో తకార టకారాలకు, దకార డకారాలకు స్థిరమైన భేదం లేదు; హ్రస్వదీర్ఘాలు స్పష్టం కావు. దక్షిణాదివారు తకారాన్ని సూచించడానికి 'టీ' ప్రక్కన 'హెచ్' చేర్చుతారు. ఉత్తరాదిలో ఆ జంట థకారానికి గుర్తు. కనుక విజయవాడలో 'లత'గా పెరిగిన బాలిక ఢిల్లీ పాఠశాలలో 'లథా' కావచ్చును. నాగరిలో వ్రాసినా చిక్కు పూర్తిగా తీరదు. హిందీలో హ్రస్వమైన ఒకారానికి వాడుకలో వేరే గుర్తు లేనందున కొండయ్య 'కోండయ్య' అవుతాడు. వంగీయుని నోట వసంత 'బొశొంతో' అవుతాడు. ఇంటిపేరు ముందు వ్రాసుకొనే తెలుగువారి ఆచారం తెలియని ఉపాధ్యాయుడు మొదటి మాటనే పేరనుకొని, విద్యార్థిని అతని పూర్వుల గ్రామనామంతో పిలుస్తాడు.

ఈ దోషం పరప్రాంతాలవారిదే అనుకోవడం న్యాయం కాదు. 1897లో హైదరాబాదులో జన్మించి, ఉపాధ్యాయవృత్తిలో జీవితం గడిపి, 1967లో రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ పేరులోని మొదటి ధ్వనికి తెలుగు లిపిలో సరియైన అక్షరం లేదు. కనిమొళి అనే తమిళనామం చివర తెలుగువారు పలికే ళకారం తమిళుల ధ్వని కాదు. తెలుగు పాఠశాలల్లో చదివే ఉర్దూ, తమిళ, గోండు, సవర బాలబాలికలు ఈ కష్టాన్ని ఎరుగుదురు.

పేరు తప్పుగా పిలువబడిన పసివాడు ఒకటి రెండుసార్లు సవరిస్తాడు. తరువాత ఊరుకుంటాడు. కొంతకాలానికి ఎవరైనా అడిగితే తానూ ఆ తప్పు పేరే చెబుతాడు. ఇంట ఒక పేరు, బడిలో ఒక పేరు. తల్లి పిలిచే ధ్వనికి బడిలో విలువ లేదన్న పాఠాన్ని, ఏ పుస్తకంలోనూ లేకపోయినా, అతడు నేర్చుకొంటాడు. గురువును సవరించడం అవినయమని భావించే సమాజంలో ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకొనడం పొరపాటు.

ఇందుకు ప్రతిగా తలచుకొనవలసిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన సవరల భాష నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పడానికి పూనుకొన్నారు. ఆయన సవరభాషా వ్యాకరణం 1931లో వెలువడినది. తన చెవికి అలవాటు లేని ధ్వనులను తన అక్షరాలకు లొంగదీయక, వాటికి తగిన గుర్తులు వెదకిన శ్రద్ధ ఆయనది. శిష్యుని భాషకే గురువు శిష్యుడు కావడం అంటే ఇదే.

ప్రతి ఉపాధ్యాయుడూ అంత కృషి చేయనక్కరలేదు. మొదటిదినం పట్టీని చదువక, విద్యార్థినే పేరు చెప్పమని, విని, తిరిగి పలికి, సరిగా ఉన్నదా అని అడిగి, తన లిపిలో గుర్తు వ్రాసుకొంటే చాలును. నాలుక తిరగని ధ్వని ఉండవచ్చును. ప్రయత్నం కనబడితే బాలుడు క్షమిస్తాడు. ప్రయత్నమే లేనినాడు తనను పిలుస్తున్నారని కూడా అతనికి తోచదు.

రచయితలకూ ఇది పరాయి విషయం కాదు. ఆంగ్లానువాదాల మీద ఆధారపడి ఇతర భారతీయ భాషల గ్రంథాలను తెలుగు చేసేవారు అక్కడి మనుష్యుల పేర్లను కన్నుతో చదువుతున్నారే గాని చెవితో వినడం లేదు. మూలభాష తెలిసినవారిని ఒక్కమాట అడిగితే ఆ లోపం తీరుతుంది.