జేబులో మేనేజరు

మందుల కంపెనీలో కొత్తగా చేరిన మెడికల్ రెప్‌కి మొదటి వారంలోనే టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వస్తుంది. నొక్కితే యాప్ దిగుతుంది. తెరవగానే వరసగా అడగడం మొదలుపెడుతుంది. లొకేషన్ చూడొచ్చా? కెమెరా? ఫొటోలు, ఫైళ్లు? కాంటాక్టులు? కాల్ వివరాలు? మైక్? ఒక్కదానికి 'అనుమతించవద్దు' అన్నా చాలు, యాప్ అక్కడే ఆగిపోతుంది. యాప్ ఆగితే డీసీఆర్ వెళ్లదు. ఆ రోజు ఏ డాక్టరును కలిశాడు, ఏ షాపుకు వెళ్లాడు అని రాసే రోజువారీ నివేదిక అది. డీసీఆర్ వెళ్లకపోతే పని చేయనట్టే లెక్క. కాబట్టి బైకు స్టాండు కూడా వేయకుండా, ఓ కాలు నేలకు ఆనించి, ఎండలో తెర సరిగా కనపడకపోయినా అన్నిటికీ 'అనుమతించు' కొట్టేస్తాడు. ఆ ఫోను కంపెనీ ఇచ్చింది కాదు. సొంత డబ్బుతో, బహుశా వాయిదాల మీద, కొనుక్కున్నది.

కంపెనీ బాధ కూడా చెప్పుకోవాలి. డీసీఆర్ కాగితం మీద రాసి పోస్టులో పంపే రోజుల్లో ఇంట్లో కూర్చొని పదిమంది డాక్టర్ల పేర్లు నింపేసినవాళ్లు లేకపోలేదు. ఫీల్డ్‌లో తిరిగే మనిషి తిరిగాడో లేదో తెలుసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. సాయంత్రం ఏడింటికి ఫలానా క్లినిక్‌లో 'కాల్' చేశానని, అంటే డాక్టరును కలిశానని రాస్తే, ఆ సమయానికి అక్కడ ఉన్నాడా అని చూసుకునే హక్కు జీతమిచ్చేవాళ్లకు ఉంటుంది. పేచీ అక్కడ కాదు. ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికి ఫోను మొత్తం ఎందుకు తెరిపిస్తున్నారన్నది ప్రశ్న.

లొకేషన్, కెమెరా సరే. కాంటాక్టులు దేనికి? ఫోన్‌బుక్‌లో ఉన్నది అతని ఒక్కడి సమాచారం కూడా కాదు. అత్తగారి నంబరు, పిల్లాడి క్లాస్ టీచర్, చీటీ వేసే పిన్ని, ఎప్పటిదో పాత స్నేహితురాలు. వీళ్లెవరూ ఆ మందుల కంపెనీలో ఉద్యోగానికి చేరలేదు.

ఇంకా అమాయకంగా కనిపించేది బ్యాటరీ. 'ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి' అని అడుగుతుంది. ఏముందిలే, చార్జింగ్ సంగతేగా అనుకుంటాం. తెర ఆపేసి ఫోను జేబులో పెట్టుకున్నా యాప్ వెనకాల నడుస్తూ ఉండటానికి అదొక దారి. లొకేషన్‌కు 'ఎల్లప్పుడూ' అనే అనుమతి కూడా తోడైతే రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఆదివారం ఏ ఆసుపత్రికి వెళ్లాడు, యూనియన్ ఆఫీసులో ఎంతసేపు కూర్చున్నాడు అన్నీ నెల తిరిగేసరికి మ్యాపు మీద గీతలుగా తేలతాయి.

అడగకుండానే తీసుకునేది మరొకటుంది. ఫోనులో ఇంకేం యాప్‌లు ఉన్నాయన్న జాబితా. దీనికి తెర మీద ఏ ప్రశ్నా రాదు, ఇన్‌స్టాల్ చేస్తే చాలు. పైకి చెప్పే కారణం ఒకటుంది. దొంగ లొకేషన్ చూపించే యాప్‌లు పెట్టుకుని ఇంట్లోంచే ఊరంతా తిరిగినట్టు చూపించేవాళ్లు ఉన్నారు, వాళ్లను పట్టుకోవాలి. కానీ అదే జాబితాలో ఉద్యోగాలు వెతికే యాప్ కనిపిస్తుంది, పెళ్లి సంబంధాల యాప్ కనిపిస్తుంది, నెలసరి లెక్కలు చూసుకునే యాప్ కనిపిస్తుంది. ఎవరు రేపు మానేసేలా ఉన్నారో మేనేజరుకు రాజీనామా లేఖ కంటే ముందే తెలిసిపోయే వీలుంది. గూగుల్ ప్లే స్టోర్ ఈ జాబితా చదవడం మీద ఆంక్షలు పెట్టింది. కాల్ లాగ్, ఎస్సెమ్మెస్‌లు చదవడాన్ని కూడా 2019 జనవరి నుంచి కట్టడి చేసింది. వాట్సాప్ గ్రూపులో నేరుగా దిగే ఏపీకే ఫైలుగా వచ్చే యాప్ మాత్రం ప్లే స్టోర్ గడప తొక్కదు. దానికి ఆ నియమాలు వర్తించవు. చిన్నాచితకా సంస్థలు పంపేవాటిలో ఇలాంటివి తక్కువేం కాదు.

ఫోన్ల తయారీ వైపు నుంచి కాపుదల ఏటేటా పెరిగిందన్నది నిజమే. 2015లో ఆండ్రాయిడ్ 6తో ఒక్కో అనుమతినీ విడివిడిగా అడగడం మొదలైంది. 2019లో 'యాప్‌ను ఉపయోగిస్తున్నప్పుడు మాత్రమే' వచ్చింది. 2020లో 'ఈసారి మాత్రమే' వచ్చింది. అప్పటి నుంచే 'ఎల్లప్పుడూ' అన్న లొకేషన్ అనుమతి తెర మీది ప్రశ్నలో దొరకదు, పనిగట్టుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. మనిషి ఓసారి ఆగి ఆలోచించుకోవాలనే ఆ ఏర్పాటు. మరి ఎక్కడెక్కడ నొక్కాలో గీతలు గీసి చూపించే స్క్రీన్‌షాట్లు గ్రూపులో వచ్చి పడుతుంటే, కింద వరసగా 'డన్ సర్' అని పెట్టాల్సి వస్తుంటే, ఆగి ఆలోచించుకునేదెప్పుడు? ఇంజినీరు బటన్ పెట్టగలడు. దాన్ని వాడే ధైర్యం ఉద్యోగికి ఎవరిస్తారు?

రెప్‌ల గొడవ కొత్తది కాదు. 2023 డిసెంబరు 20న దేశవ్యాప్తంగా మెడికల్ రెప్‌లు చేసిన సమ్మె డిమాండ్లలో ఈ ఎలక్ట్రానిక్ నిఘా ఆపాలన్నది కూడా ఉంది. అంతకు రెండేళ్ల ముందే హరియాణాలో ఆశా కార్యకర్తలు 'ఎండీఎం 360 షీల్డ్' అనే యాప్ తమ కదలికలను, సొంత సమాచారాన్ని పట్టేస్తుందని రోడ్డెక్కారు. వాళ్లవి ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు. అయినా ఒప్పుకోలేదు.

మన దగ్గర ఇంతకంటే పెద్ద పేచీ 2022 ఆగస్టులో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులు తమ సొంత ఫోన్లలో 'సిమ్స్-ఏపీ' యాప్ వేసుకుని, ఉదయం 9 గంటలలోపు బడి ఆవరణలో ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్నారు. ఆగస్టు 16న మొదలుపెట్టారు. అప్పటికే హెడ్మాస్టర్ల ఫోన్లలో మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించే యాప్ ఒకటుండేది. పొద్దున్నే పాఠం మొదలుపెట్టాల్సిన మనిషి ముందు మరుగుదొడ్డి ఫొటో తీసుకోవాల్సి వచ్చేది. దాని మీద ఇదొకటి. ఫోను మాది, రీచార్జి మాది, అందులో మా ఇంటి విషయాలున్నాయి, కావాలంటే పరికరం మీరే ఇవ్వండి అని సంఘాలు అడ్డం తిరిగాయి. విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ వాళ్లను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ రాకపోతే ఎలా, నిమిషం ఆలస్యమైతే ఎలా అన్నదాని చుట్టూ బోలెడు మాటలు నడిచాయి. మొహం ఫొటోలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లుంచుతారు, ఎవరు చూస్తారు అన్నవి మాత్రం ఆ హడావుడిలో వెనకబడ్డాయని నాకనిపిస్తుంది. 2023 జనవరి 1 నుంచి ముఖ హాజరును మిగతా ప్రభుత్వోద్యోగులకూ విస్తరించారు. ఉపాధ్యాయులు బడికి రావడం లేదన్న ఫిర్యాదులు ఉత్తవి కావు. బడిలో ఒక ట్యాబ్ పెట్టి, అందరూ దాని ముందు నిలబడితే సరిపోయే పనికి ఇన్ని సొంత ఫోన్లు ఎందుకన్నదానికి ఖర్చు తప్ప వేరే జవాబు నాకు తోచలేదు.

చట్టం ఏమంటోంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అందులో ఆరో సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. వైద్య సలహాలిచ్చే యాప్ ఒకటి కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి సరేనన్నాడు. అయినా వైద్య సలహాకు కాంటాక్టులు అవసరం లేదు గనుక ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టమే చెబుతోంది. చదవగానే మన రెప్‌కి దారి దొరికిందనిపిస్తుంది. పేజీ తిప్పితే ఏడో సెక్షన్. ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా కాపాడుకోవడం కోసం అయితే సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చు. 'ఉద్యోగ అవసరం' ఎంత దూరం సాగుతుందో అక్కడ గీత గీయలేదు. ఆదివారం లొకేషన్ కూడా నష్టనివారణేనని వాదించే లాయరు దొరక్కపోడు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలలు, అంటే 2027 మే దాకా గడువిచ్చారు.

తలచుకుంటే గీత గీయడం అసాధ్యమేమీ కాదు. అప్పుల యాప్‌లు కాంటాక్టులు లాగేసి చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తుంటే, 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలిచ్చింది. ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ లాగ్ జోలికి పోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ వంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారికే, అదీ సమ్మతితోనే. అప్పు తీసుకున్నవాడికి దొరికిన ఆ మాత్రం రక్షణ కష్టపడి పనిచేసేవాడికి ఎందుకు దొరకకూడదో నాకు అర్థం కాదు. ఇటలీలో గ్లోవో డెలివరీ సంస్థకు చెందిన ఫుడిన్హో మీద అక్కడి డేటా పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో 50 లక్షల యూరోల జరిమానా వేసింది. పని లేని వేళల్లో కూడా రైడర్ల లొకేషన్ పంపించడం అందులో ఒక తప్పు.

ఈలోగా చేతిలో ఉన్నదేమిటంటే, సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ లొకేషన్, మైక్, కెమెరా ఎప్పుడు వాడిందో గంటలవారీగా కనిపిస్తుంది. రాత్రి రెండింటికి ఆఫీసు యాప్ పేరు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవడం మంచిది. కంపెనీకి ఐటీ విభాగం ఉంటే 'వర్క్ ప్రొఫైల్' అడగవచ్చు. ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా ఉంటాయి, సొంత ఫొటోలు, సొంత యాప్‌లు వాటికి కనిపించవు, సెలవు రోజు మొత్తాన్ని ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇది మామూలే. ఫీల్డ్ ఉద్యోగాల్లో అడిగితే ఏరియా మేనేజరు తెల్లమొహం వేసే అవకాశమే ఎక్కువ.

అందుకే చాలామంది తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయం రెండో ఫోను. ఓ చవకది కొని, అందులో ఆఫీసు సిమ్ము, ఆఫీసు యాప్ తప్ప ఏమీ పెట్టరు. పని అయ్యాక స్విచాఫ్. నెలాఖరున పంపే ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్‌లో పెట్రోలుకు, బస్సు టికెట్టుకు, లాడ్జికి కాలమ్స్ ఉన్నాయి. ఈ ఫోనుకు లేదు.