రోబో లోపల ఎవరున్నారు?

పొద్దున లేచేసరికి అంట్లన్నీ తళతళలాడుతుంటాయి. ఆరేసిన బట్టలు మడతలై బీరువాలో చేరిపోతాయి. 'రేపు రానమ్మా, ఊరెళ్తున్నా' అన్న మాట వినపడదు. పండక్కి చీర పెట్టక్కర్లేదు. మన ఇంటి సంగతులు పక్కింట్లో చెబుతుందేమోనన్న బెంగా లేదు.

ఇలాంటి పనిమనిషి దొరికితే ఎవరికి చేదు? 2025 అక్టోబరులో 'వన్‌ఎక్స్‌' అనే కంపెనీ సరిగ్గా ఈ ఆశే చూపించింది. అయిదున్నర అడుగుల ఎత్తు, 30 కిలోల బరువు, ఒంటికి స్వెట్టర్‌ లాంటి తొడుగు... పేరు 'నియో'. ధర 20 వేల డాలర్లు. మన లెక్కలో 17 లక్షల పైమాటే. అయినా ఫర్వాలేదు, ఈఎంఐలో తీసుకుందామనుకునేవాళ్లుంటారు కదా!

అమెరికాలో ఓ పత్రికా విలేకరి వెళ్లి దాని పనితనం చూసింది. మూడే మూడు సామాన్లు డిష్‌వాషర్‌లో పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. సరే, కొత్త కదా, నిదానంగా నేర్చుకుంటుందిలే అనుకోవచ్చు. అసలు సంగతి అది కాదు. ఆ రోజు ఆమె చూసిన పనుల్లో ఒక్కటీ రోబో సొంతంగా చేయలేదు. పక్క గదిలో కళ్లకు వీఆర్‌ హెడ్‌సెట్‌ పెట్టుకున్న మనిషి చేతులు కదుపుతుంటే ఇక్కడ రోబో చేతులు కదిలాయి. తనకు రాని పని ఎదురైతే కొన్నవారి ఇంట్లోనూ అంతే. యజమాని అనుమతితో కంపెనీ మనిషి రోబో కళ్లతో మన వంటిల్లు చూస్తూ పని చేసిపెడతాడు. కనిపించే మనుషుల్ని మసకగా మార్చే ఏర్పాటుందనీ, ఫలానా గదిలోకి వెళ్లొద్దని చెప్పొచ్చనీ కంపెనీ అంటోంది. అలా చూసీ చేసీ పోగైన అనుభవంతోనే రోబో రాటుదేలుతుందట.

అంటే 17 లక్షలు పోసి కొన్నది పనిమనిషినే. కాకపోతే ఆ మనిషి మన ఊళ్లో ఉండరు. పేరు తెలియదు. 'టీ తాగుతావా' అని అడగడానికీ ఉండదు!

డాన్సు చేసింది ఎవరు?

ఈ తమాషా నియోతో మొదలు కాలేదు. 2021 ఆగస్టులో టెస్లా అధినేత ఎలాన్‌ మస్క్‌ తమ రోబోను పరిచయం చేస్తుంటే తెల్లటి ఆకారం ఒకటి వేదికెక్కి హుషారుగా గంతులేసింది. అది రోబో వేషం కట్టిన మనిషి. ఆ మాట మస్కే చెప్పి నవ్వించాడు. కాబట్టి తప్పు పట్టలేం. 2024 అక్టోబరులో కాలిఫోర్నియాలో జరిగిన వేడుక సంగతి వేరు. టెస్లా రోబోలు అతిథులకు గ్లాసుల్లో పానీయాలు నింపి ఇచ్చాయి, కబుర్లు చెప్పాయి, జోకులేశాయి. ఇంత తెలివేంటబ్బా అని అనుమానం వచ్చి ఒకరు గుచ్చి గుచ్చి అడిగితే 'ఇవాళ నాకో మనిషి సాయం చేస్తున్నాడు' అని రోబో నోటివెంటే వచ్చేసింది. యంత్రం కన్నా దాని వెనక కూర్చున్న మనిషికే మొహమాటం ఎక్కువున్నట్టుంది.

మన తోలుబొమ్మలాటలోనూ తెర వెనక మనిషే ఆడిస్తాడు. ఆ సంగతి చూసేవాళ్లందరికీ తెలుసు. పైగా బొమ్మ బాగా ఆడితే ఆడించినవాణ్ని మెచ్చుకుంటారు. ఇక్కడ మెప్పంతా బొమ్మకే!

చదరంగం ఆడిన తలపాగా

దీనికి పాత కథ ఒకటుంది. 1770లో వియన్నా రాజాస్థానంలో కెంపెలెన్‌ అనే అధికారి ఓ వింత యంత్రాన్ని ప్రదర్శించాడు. పెద్ద చెక్కపెట్టె. దాని వెనక తలపాగా చుట్టుకుని టర్కీ దుస్తులు వేసుకున్న బొమ్మ. పెట్టె మీద చదరంగం బల్ల. ఆట మొదలయ్యే ముందు పెట్టె తలుపులు ఒక్కొక్కటే తెరిచి, వెనక నుంచి కొవ్వొత్తి చూపించేవాడు. లోపలంతా పళ్లచక్రాలూ ఇరుసులే. ఇంకేముంది, అది యంత్రమేనని జనం నమ్మేశారు. బొమ్మ చెయ్యి చాచి పావులు కదిపి ఎదుటివాళ్లను చిత్తు చేస్తుంటే నోళ్లు వెళ్లబెట్టారు.

నిజానికి పెట్టెలో మంచి ఆటగాడొకడు నక్కి ఉండేవాడు. కూర్చున్న పీట అటూ ఇటూ జరిగేది. ఒక తలుపు తెరిస్తే ఇటు, ఇంకోటి తెరిస్తే అటు జరిగిపోయేవాడు. పైన పావుల అడుగున అయస్కాంతాలు. ఏ పావు ఎక్కడికి కదిలిందో వాటిని బట్టే లోపలివాడికి తెలిసేది. చీకట్లో చూడ్డానికి కొవ్వొత్తి వెలిగించుకునేవాడు. దాని పొగ ఎవరికీ అనుమానం రాకుండా తలపాగాలోంచి బయటికి పోయేది. ఆ ఉక్కలో, ఆ పొగలో, కాళ్లు ముడుచుకుని గంటల తరబడి ఎత్తులు వేసి గెలిచేవాడు పాపం. చప్పట్లు బొమ్మకు, డబ్బులు యజమానికి.

మామూలోళ్లు ఆడారా దాంతో? బెంజమిన్‌ ఫ్రాంక్లిన్‌ ఆడాడు. 1809లో నెపోలియన్‌ ఆడాడు. కావాలని తొండి చేస్తే బొమ్మ చేత్తో పావులన్నీ తోసేసిందని చెబుతారు. తర్వాత కంప్యూటర్‌ పితామహుడిగా పేరొచ్చిన ఛార్లెస్‌ బాబేజ్‌ కూడా దాని చేతిలో ఓడిపోయాడు. లోపల మనిషి ఉండి తీరాలని 1836లో ఎడ్గార్‌ అలన్‌ పో ఏకంగా వ్యాసమే రాశాడు. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదంలో కాలిపోయేదాకా, అంటే 84 ఏళ్లపాటు ఆ పెట్టె బతికింది.

చిత్రమేమిటంటే, 2005లో అమెజాన్‌ ఒక సేవ మొదలుపెట్టింది. కంప్యూటర్లు చేయలేని చిల్లర పనుల్ని ఇంట్లో కూర్చున్న మనుషులతో చేయించి ముక్కకింత అని ఇచ్చే ఏర్పాటు. దానికి ఏరికోరి పెట్టిన పేరు... 'మెకానికల్‌ టర్క్‌'. ఆ చదరంగం బొమ్మ పేరే! నిజాయతీ అంటే అదీ.

బిల్లు వేసిందెవరు?

అదే అమెజాన్‌ 2018లో సియాటెల్‌లో క్యాషియర్‌ లేని దుకాణం తెరిచింది. కావాల్సింది తీసుకుని నడుచుకుంటూ వెళ్లిపోవడమే. కెమెరాలూ సెన్సర్లూ చూసుకుంటాయి, బిల్లు ఫోనుకొస్తుంది. తర్వాత తన పెద్ద సరుకుల దుకాణాల్లోనూ ఈ పద్ధతి పెట్టి, 2024 ఏప్రిల్‌లో అక్కడ తీసేస్తున్నామని చెప్పింది. అప్పుడు బయటికొచ్చిన కబురే అసలైనది. ఇండియాలో దాదాపు వెయ్యి మంది ఈ వ్యవస్థకు అండగా పనిచేస్తున్నారనీ, 2022లో ప్రతి వెయ్యి కొనుగోళ్లలో 700 మనుషులే సరిచూడాల్సి వచ్చిందనీ పత్రికల్లో వచ్చింది. అంత లేదు, మనవాళ్లు ప్రధానంగా యంత్రానికి నేర్పడానికే వీడియోలు చూస్తారు, సరిచూసే బిల్లులు కొన్నేనని అమెజాన్‌ ఖండించింది. అయినా జోకు ఆగుతుందా? 'ఏఐ అంటే యాక్చువల్లీ ఇండియన్స్‌' అని లోకమంతా పాకింది.

మనకు నవ్వూ వస్తుంది, ఎక్కడో కాస్త చివుక్కుమనీ అంటుంది.

ఒక్క ఇండియన్లే కాదు లెండి. అమెరికాలో కారులోంచే తిండి ఆర్డరిచ్చే హోటళ్లకు మాట్లాడే యంత్రాన్ని అమ్మిన 'ప్రెస్టో' కంపెనీకి 70 శాతానికి పైగా ఆర్డర్లలో ఫిలిప్పీన్స్‌ లాంటి చోట్ల కూర్చున్న మనుషులు సాయపడాల్సి వచ్చిందని 2023లో తేలింది. 'నేట్‌' అనే షాపింగ్‌ యాప్‌దీ ఇదే దారి. కృత్రిమ మేధ చేస్తుందని చెప్పి 4 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టుబడి తెచ్చిందనీ, నిజంగా కొనిపెట్టింది ఫిలిప్పీన్స్‌ కాల్‌సెంటర్‌ సిబ్బంది అనీ 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం దాని వ్యవస్థాపకుడి మీద కేసు పెట్టింది.

కోతలు సరే, ఉద్యోగాలో?

చెక్క తుపాకీ భుజానేసుకుని వచ్చే పిట్టలదొర గుర్తున్నాడా? కోటలున్నాయనీ ఏనుగులున్నాయనీ గుక్క తిప్పుకోకుండా కోతలు కోసేవాడు. జనం పడీపడీ నవ్వి, చేటలో ఇన్ని బియ్యం పోసి పంపేవాళ్లు. అంతేగానీ ఆయన మాట నమ్మి ఇల్లూ పొలం రాసివ్వలేదు. ఇప్పటి దొరల కోతలకు కోట్ల డాలర్లు రాలుతున్నాయి. అది పెట్టుబడిదారుల బాధ, వాళ్లే పడతారు. కానీ ఆ కోతల్ని నమ్మి ఉద్యోగాలు తీసేస్తేనే చిక్కు.

స్వీడన్‌ కంపెనీ 'క్లార్నా' తమ చాట్‌బాట్‌ 700 మంది పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో గొప్పగా ప్రకటించింది. ఏడాది తిరిగాక, నాణ్యత తగ్గిందని దాని అధిపతే ఒప్పుకుని మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆస్ట్రేలియాలో కామన్వెల్త్‌ బ్యాంకు మాట్లాడే బాట్‌ వచ్చిందని 2025 జులైలో 45 ఉద్యోగాలు తీసేస్తామంది. ఆగస్టుకల్లా తప్పైపోయిందని క్షమాపణ చెప్పి నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆ నెల రోజులూ ఆ 45 ఇళ్లలో అన్నం సహించి ఉంటుందా?

అదే జులైలో టీసీఎస్‌ సిబ్బందిలో రెండు శాతం, అంటే 12 వేల మంది దాకా తగ్గిస్తామని చెప్పింది. ఏఐ వల్ల కాదు, కొత్త పనులకు తగ్గ నైపుణ్యాలు కుదరకేనని కంపెనీ అధిపతి వివరణ ఇచ్చారు. అయినా ఆ రోజు పేపరు మడిచిపెట్టి హైదరాబాద్‌కో చెన్నైకో ఫోన్‌ కలిపి, 'నీకేం ఫర్వాలేదు కదరా నాన్నా' అని అడిగిన తల్లిదండ్రులు ఎందరో!

అలాగని ప్రతిదాన్నీ బూటకమనడానికీ లేదు. 2025 మేలో లండన్‌ కంపెనీ 'బిల్డర్‌.ఏఐ' కుప్పకూలినప్పుడు, 700 మంది ఇండియన్‌ ఇంజినీర్లు ఏఐలా నటించారన్న కథ ఊరూవాడా తిరిగింది. అందరం నమ్మేశాం, ఎందుకంటే జోకు అంత బాగుంది. అలాంటిదేమీ లేదని అక్కడ పనిచేసిన ఇంజినీర్లే తర్వాత చెప్పారు. అసలు గొడవ ఆదాయం ఎక్కువ చేసి చూపించారన్న ఆరోపణలది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1997లో ఐబీఎం వారి 'డీప్‌ బ్లూ' కంప్యూటర్‌ చేతిలో ప్రపంచ చదరంగ విజేత కాస్పరోవ్‌ ఓడిపోయాడు. ఒక ఎత్తు చూసి, ఇది యంత్రం వేసే ఎత్తు కాదు, వెనక గ్రాండ్‌మాస్టర్‌ ఎవరో ఉన్నారని అనుమానించాడు. యంత్రం రికార్డులు చూపించమన్నాడు. పెట్టెలో మనిషిని వెతికితే ఈసారి నిజంగానే ఎవరూ లేరు!

మరి తెలుసుకునేదెలా? రోబో వీడియో వస్తే మూలన చిన్న అక్షరాలు చూడండి. కొన్ని కంపెనీలు 'దూరం నుంచి నడిపించాం' అనో, 'వేగం పెంచి చూపించాం' అనో అక్కడ రాసిపెడతాయి. రాయనప్పుడు ఇంకాస్త పరకాయించి చూడాలి. 2024 జనవరిలో టెస్లా రోబో చొక్కా మడతపెడుతున్న వీడియోను మస్క్‌ పెట్టాడు. అందరూ చొక్కా చూశారు. కొందరు మాత్రం తెర కుడివైపు అడుగున చూశారు. రోబో చెయ్యి కదిలినట్టే కదులుతూ, గ్లవుజు తొడుక్కున్న మనిషి చెయ్యి ఒకటి వస్తూ పోతూ కనిపించింది. రోబో ఇంకా సొంతంగా చేయలేదని మస్క్‌ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

చొక్కా మడత మాత్రం బాగానే కుదిరింది.