బెదిరిన కండరాలు

మూత్రం పోసేటప్పుడు మంట, పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు. పొత్తికడుపు అడుగున నొప్పి, స్కానింగులో గర్భసంచి బాగానే ఉంది. రిపోర్టులన్నీ నార్మల్ అని రాగానే చాలామంది ఆడవాళ్లకు వినిపించే మాట, ‘అంతా నీ భ్రమ’. ఆ మాట అనేముందు చూడాల్సిన కండరాలు కొన్ని ఉన్నాయి.

ముందున జఘనాస్థి నుంచి వెనక తోకెముక దాకా ఊయలగుడ్డలా పరుచుకుని మూత్రాశయాన్నీ గర్భసంచినీ మలాశయాన్నీ మోసేవి పెల్విక్ ఫ్లోర్ కండరాలు. మగవాళ్లకూ ఉంటాయి. భయమేస్తే ఇవి మన ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరు స్త్రీలకు సినిమా దృశ్యాలు చూపిస్తూ ఈ కండరాల విద్యుత్ స్పందనను కొలిచి, 2001లో ఫలితాలు ప్రచురించారు. భయపెట్టే దృశ్యం రాగానే కటి కండరాలతో పాటు మెడ, భుజాల దగ్గరి కండరమూ బిగిసింది. ఆ భయానికి లైంగిక విషయాలతో సంబంధం లేకపోయినా అంతే. కలయికలో ఇబ్బంది ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఇదే కనిపించింది. అంటే ఇది ఒళ్లు తనను తాను కాచుకునే తీరు, రోగం కాదు.

దెబ్బలు తిన్నవాళ్లలో, లైంగిక హింసకు గురైనవాళ్లలో ప్రమాదం దాటిపోయినా ఈ బిగువు సడలకపోవచ్చు. సడలని కండరం నొప్పెడుతుంది. మూత్రం ధారగా రాదు, విరేచనం సాఫీగా కాదు, కలయిక యాతనవుతుంది. ఆ నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది, భయం బిగువును పెంచుతుంది. అలాగని ఇలాంటి నొప్పి ఉన్న ప్రతివారి వెనకా హింస ఉందనుకోకూడదు. ప్రమాదంలో కటి ఎముక విరిగినా, కాన్పులో కండరం చిరిగినా బాధలు వస్తాయి. కొన్నిసార్లు బిగువుకు బదులు పట్టు సడలి మూత్రం ఆగదు.

ఈ తేడా చాలా ముఖ్యం. 1948లో అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామాలు బలహీనపడ్డ కండరాలకు మేలు చేస్తాయి. ఇప్పటికే బిగిసిపోయినవాటిని ఇంకా బిగించమంటే నొప్పి పెరగవచ్చు. వాటికి కావలసింది వదలడం నేర్పడం. నిండా ఊపిరి పీల్చినప్పుడు ఉదరవితానంతో పాటు ఈ కండరాలూ కిందికి జారతాయి. ఫిజియోథెరపిస్టులు చాలాసార్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. అవసరమైనవారికి మానసిక చికిత్స కూడా పక్కనే నడవాలి.

పరీక్ష చేసే తీరే మరో గాయం కాకూడదు. అత్యాచార బాధితులకు ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయడం దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. మామూలు క్లినిక్‌లోనైనా ఏం చేయబోతున్నారో పేషెంటుకు ముందే చెప్పాలి, ఆమె ఆపమంటే ఆ క్షణమే ఆపాలి. జరిగినదంతా ఆమె డాక్టరుకు చెప్పి తీరాలనేమీ లేదు. ఈ రోజు లోపలి పరీక్ష వద్దంటే ఊపిరి సాధనతోనే వైద్యం మొదలుపెట్టవచ్చు.