విరిగిన స్తంభమును మార్చినంతనే చాలునా?

అమెరికాలోని షార్లెట్ నగరమునకు చేరువను, ఉత్తర దక్షిణ కరోలినా రాష్ట్రముల ఎల్లపై, కేరోవిండ్స్ అను వినోదోద్యానము కలదు. 2023 జూన్ 30వ తేదీన అచ్చటికి వచ్చిన సందర్శకుడొకడు, ‘ఫ్యూరీ 325’ అను రోలరు కోస్టరును మోయుచున్న ఉక్కు స్తంభములలో ఒకటి పైకొసకు సమీపమున అడ్డముగా విచ్చియుండుటను, బండి ఆ మలుపు తిరిగిన ప్రతిసారియు తెగిన రెండు తునకల నడుమ ఆకాశము తొంగిచూచి మరల మాయమగుటను గమనించి, ఆ దృశ్యమును ఫోనులో చిత్రించి ఉద్యానమువారికి తెలిపెను. ఆ దినముననే కోస్టరు మూయబడెను. స్విట్జర్లాండు నిర్మాతలు రూపొందింపగా 2015 మార్చిలో తెరువబడిన ఈ కోస్టరులో, 32 మందిని మోయు బండి గొలుసుచే 325 అడుగుల ఎత్తునకు లాగబడి, అచ్చటనుండి ఇంజను సహాయము లేకయే, కేవలము భూమ్యాకర్షణచే జారి, గంటకు 153 కిలోమీటర్ల వేగము నందుకొని, 6,602 అడుగుల పట్టాలను చుట్టివచ్చును. షార్లెట్ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి గనుక, ఇది మనకు పరాయిదేశపు వార్త యని తోచదు.

మూసిన యంత్రముచుట్టు ఊహలు మూగుట సహజము. స్తంభమొకటియే గదా విరిగినది, క్రొత్తదానిని తెచ్చి క్రేనుతో నిలిపినచో నాలుగు దినములలో పని తీరును గదా యని ఆతురపడువారు కొందరు. ఇక దానిని ఊడదీయుటయే గతి యని బెదరువారు కొందరు. ఈ రెండూహలకును మూలమున నున్న పొరపాటు ఒక్కటే: విరిగినది స్తంభము మాత్రమే యని రెండును తలచుచున్నవి. వాస్తవమునకు స్తంభముతోపాటు ఒక గణితము కూడ విరిగినది. ఆ ఉక్కు ఇన్ని సంవత్సరములు, ఇంత భారమును, ఇన్నిమారులు మోయగలదని వేసిన లెక్కయందో, ఆ లెక్క ననుసరించి చేసిన వెల్డింగు అతుకునందో, దినదినము దానిని పరీక్షించు కంటియందో ఒక లోపము దాగియున్నది. ఆ లోపము పట్టువడునంతవరకు క్రొత్త స్తంభమును నమ్ముటకు ఆధారము లేదు.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలసియున్నది. బండి నడుమ దారిలో ఆగిపోవుట వేరు, కట్టడము పగులుట వేరు. 2025 మే మాసమున చెన్నైలోని ఒక వినోదోద్యానములో ఆటయంత్రము పైకిలేచి నిలిచిపోగా, ముప్పదిమంది వరకు గంటలకొలది ఆకాశమున చిక్కుకొనిరి. అగ్నిమాపకదళమువారు క్రేనుతో దింపిరి. అట్టి వార్త వినినంతనే గుండె ఝల్లుమనును గాని, రోలరు కోస్టరు విషయమున ఆగుట అనునది పెక్కుసారులు రక్షణోపాయమే. దాని పట్టా ‘బ్లాకులు’గా విభజింపబడి యుండును, ముందరి బ్లాకు ఖాళీ యైనట్లు సంకేతము రానిచో వెనుకటి బండిని బ్రేకులు తమంత తామే పట్టుకొనును. గుంటూరు–గుంతకల్లు మార్గము ఒంటిపట్టా మీటరుగేజిగా నున్న దినములలో, ముందరి స్టేషను సమ్మతి లేనిదే మా దొనకొండ స్టేషను మాస్టరు ఏ బండికిని దారి యిచ్చువాడు కాడు, సూత్రము అదియే. ఇట్టి ఆగుటకు మరమ్మతు సామాన్యముగా ఒక సెన్సారును మార్చుటతోనో, ఒక తీగెను సరిచేయుటతోనో ముగియును. కేరోవిండ్స్‌లో జరిగినది ఇందుకు విపరీతము. అచ్చట బండి ఆగలేదు; ఆగకపోవుటయే భయంకరము.

ఉక్కు ఒక్కసారిగా మీదపడిన అధికభారముచే విరుగుట అరుదు. మోయదగిన భారమునే లక్షలమారులు మోసి మోసి విరుగుట తరచు. దీనిని లోహశ్రాంతి యందురు. ఎద్దుబండి ఇరుసును చూడుడు: చక్రములే తిరుగును గాని ఇరుసు తిరుగదు, దాని పైభాగము ఎల్లప్పుడు నొక్కుకొనుచునే యుండును, క్రిందిభాగము ఎల్లప్పుడు సాగుచునే యుండును. రైలుబండియందు చక్రములు ఇరుసునకు బిగింపబడి దానితోగూడ తిరుగుటవలన, ఇప్పుడు పైనున్న ఉక్కు అరచుట్టు తిరుగునప్పటికి క్రిందికి వచ్చును. సాగినది నొక్కుకొనును, నొక్కుకొనినది సాగును, ప్రతి చుట్టునకు ఒక్కమారు. 1842 మే 8న వెర్సాయి నుండి పారిస్ నగరమునకు పోవుచున్న రైలుబండికి ముందరి ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిపై నొకటి యెక్కి తగులబడి, ఏబదిమందికి పైగా మరణించిరి. ఆ పిదప ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వూలర్ అను ఇంజనీరు ఏండ్లతరబడి ఇరుసులను యంత్రములపై త్రిప్పి త్రిప్పి, ఎంత భారమునకు ఎన్ని చుట్లలో ఉక్కు తెగునో, ఎంతకు తగ్గించినచో తెగకయుండునో లెక్క గట్టెను. ఆవిరియింజన్ల కాలమున స్టేషనులో బండి నిలిచినప్పుడు పొడుగుపిడి సుత్తితో చక్రములను తట్టుచు, నాదము వినుచు సాగిపోవు రైల్వే పనివానిని చూచి పిల్లలు నవ్వుకొనెడివారు. ఆతడు వెదకుచుండినది ఈ పగులునే.

ఈ లెక్కను కోస్టరు స్తంభమునకు అన్వయింతము. రెండు నిమిషములకొక బండి చొప్పున, దినమునకు పది గంటలు, సంవత్సరమునకు 130 దినములు నడచినదనుకొనిన యెడల, ఎనిమిదేండ్లలో మూడు లక్షలకు పైగా బండ్లు ఆ మలుపు తిరిగియుండును. బండి పోయిన పిదప స్తంభము కంపించుట అదనము. ఆ పగులు స్తంభపు కీలకమైన కూడలియందు వెల్డింగు రేఖ వెంబడి ఏర్పడినట్లు కనబడుచున్నదని ఉద్యానమువారే ప్రకటించిరి. ఇందు ఆశ్చర్యము లేదు. వెల్డింగుచోట ఉక్కు కరగి మరల గడ్డకట్టునపుడు లోపల బిగువులు మిగిలిపోవును, అంచున సన్నని గాడి యేర్పడవచ్చును. ప్రతి కంపమును వచ్చి ఆ గాడియొద్దనే కేంద్రీకరించును. వెండ్రుకవంటి పగులు చిరకాలము మెల్లగా ప్రాకి, మిగిలిన ఉక్కు చాలక పోయినంతనే తటాలున తెగిపోవును. ఆ తెగిన ముఖమును సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, పగులు పుట్టినచోటినుండి అలలవలె వ్యాపించిన గీతలు కనబడి, ఎచ్చట మొదలైనదో తెలుపును. కావున విరిగిన స్తంభము నేరస్థలమందలి సాక్ష్యమువంటిది; దానిని తొందరపడి పాత ఇనుమువానికి వేయరాదు.

కారణము తెలియకయే సవరణ చేయుట ఎట్టిదో కామెట్ జెట్ విమానముల చరిత్ర చెప్పును. 1954 జనవరి 10న ఒక కామెట్ ఎల్బా ద్వీప సమీపమున సముద్రమున కూలగా, బ్రిటిషు విమానసంస్థ తన కామెట్లనన్నిటిని నిలిపివేసి, ఇంజనులో మంటలు చెలరేగియుండునేమో, మరియొకటి జరిగియుండునేమో యని ఊహించి, అనుమానము కలిగినచోట్ల నెల్ల మార్పులు చేసి, మార్చి 23న మరల ఎగురనిచ్చెను. ఏప్రిల్ 8న రెండవ విమానము నేపుల్స్ చెంత కూలెను. పదునారు దినములు! అటుపిమ్మట ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటితొట్టియందుంచి, లోపలి ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు పరీక్షింపగా, అది అంతకుముందు ఎగిరిన యానములతో కలిపి 3,057వ పర్యాయమున, కిటికీవంటి తెరపి మూలనుండి చీలిపోయెను. ఊహించి మార్చినవి అన్నియు శ్రద్ధతోనే మార్చిరి. మార్చవలసినది మాత్రము మిగిలిపోయెను.

ఫ్యూరీ మరమ్మతు ఆరు వారములు పట్టుటకు హేతువు ఇందుండి స్పష్టమగును. ఒక స్తంభము పట్టు తప్పినప్పుడు అది మోయు భాగము గాలిలో కలిసిపోదు. ఇరుప్రక్కల స్తంభములును, నడుమ పట్టాయును దానిని పంచుకొని, తమ లెక్కలో లేని పనిని చేయుచుండును. కనుక విరుగనివానినే మిక్కిలి అనుమానముతో పరీక్షింపవలెను. అట్టి అతుకులపై ఇనుపరజను చల్లి అయస్కాంతము మూలమున పైపగుళ్లను, శ్రవణాతీత ధ్వనితో లోపగుళ్లను వెదకుదురు. జూలై మాసాంతమునకు నిర్మాతలనుండి క్రొత్త స్తంభము వచ్చి నిలుపబడెను. ఆపై యాక్సిలరోమీటర్లతో కదలికలను కొలుచుటయు, మనుష్యులు లేకయే 500 చుట్లు త్రిప్పుటయు, మరల పరీక్షించుటయు కార్యక్రమముగా ప్రకటింపబడెను.

ఐదువందల చుట్లతో శ్రాంతి తేలునా? తేలదు. మూడు లక్షల చుట్లలో పుట్టినదానిని ఐదువందలలో పట్టుట అసంభవము. ఆ చుట్లవలన తేలునది మరియొకటి: గణితము చెప్పిన కదలికయు, పరికరము కొలిచిన కదలికయు ఒక్కటియేనా యని. అవి సరిపోయినచో స్తంభము తన వంతు భారమునే మోయుచున్నదని అర్థము; సరిపోనిచో, కంటికి ఏ పగులును కనబడకున్నను, లెక్కను మొదటినుండి తిరుగవేయవలెను. ఉత్తర కరోలినా కార్మికశాఖ తనిఖీ ముగిసిన పిదప ఆగస్టు 10న కోస్టరు తెరువబడెను. పగులు పట్టువడుటకు కొన్ని దినములు ముందే తీసిన ఛాయాచిత్రములలో కూడ అది కనబడినదను సంగతి వెల్లడియైనందున, ఎత్తున నున్న అతుకులను దగ్గరగా చూచుటకు డ్రోనులను పంపుట నాటినుండి అచ్చటి తనిఖీలలో చేరినది.