ఎత్తు పెరగకపోతే తప్పెవరిది?



ఎత్తిపోతల జలపాతం చూడటానికి వెళ్ళిన రోజు మా హాస్టల్ పిల్లలమంతా వరుసగా నిలబడి ఫోటో దిగాం. ముందు వరుసలో నిలబడ్డ ఒక తమ్ముణ్ణి "పొట్టోడా" అని పిలిచిన వాళ్ళలో మేమూ ఉన్నాం. తిండి సరిగా పెట్టలేదని ఊళ్ళో వాళ్ళమ్మను ఆడిపోసుకున్నారు. పాపం ఆమె కూలి డబ్బులు పెట్టి ఎత్తు పెరిగే పొడి డబ్బాలు కొనింది. ఆ తమ్ముడు పదో తరగతి పూర్తికాకుండానే బడి మానేశాడు. ఏ డాక్టరూ అతన్ని పరీక్షించలేదు. పి.జి.లో జన్యుశాస్త్రం చదివాక ఆనాటి మా తప్పు మాకు తెలిసింది.

మనం ఎలా పెరుగుతాం?

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పెరుగుదల హార్మోనును విడుదల చేస్తుంది. అది రక్తం ద్వారా కాలేయానికి చేరి, అక్కడి కణాల మీద ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. అప్పుడు ఐ.జి.ఎఫ్-1 అనే మరో హార్మోను తయారవుతుంది. ఎముకలు పొడవు పెరగడానికి ఇది చాలా అవసరం.

కొందరిలో గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. రక్తంలో పెరుగుదల హార్మోను ఎక్కువగానే ఉన్నా ఐ.జి.ఎఫ్-1 తయారు కాదు. సాగర్ కుడికాలువ నిండుగా పారుతున్నా తూము తెరుచుకోకపోతే చేను ఎండినట్లే! దీనినే లారన్ సిండ్రోమ్ అంటారు. ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారన్, ఆయన సహచరులు 1966లో దీనిని వివరించారు. ఇది చాలా అరుదైన వ్యాధి.

ఎలా సంక్రమిస్తుంది?

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండూ లోపమున్న జన్యువులే వస్తేనే ఈ వ్యాధి కనబడుతుంది. ఒక్కటే ఉన్న తల్లిదండ్రులు మామూలుగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నూటికి 25 వంతులు ఈ అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఈక్వడార్ దేశపు కొండ పల్లెల్లో బంధువుల మధ్య పెళ్ళిళ్ళ వల్లనే సుమారు వందమందిలో ఈ వ్యాధి కనిపించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి బంధువుల మధ్యే జరుగుతోంది. కాబట్టి మేనరికం మాట ఎత్తినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏం చేయాలి?

పొట్టిగా ఉన్నవారందరికీ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. తల్లిదండ్రుల ఎత్తు, పోషకాహార లోపం, థైరాయిడ్ వంటి కారణాలే ఎక్కువ. లారన్ సిండ్రోమ్‌లో పెరుగుదల హార్మోను ఇంజెక్షన్లు పనిచేయవు. ఐ.జి.ఎఫ్-1 నే ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. ఆ మందుకు అమెరికాలో 2005లో అనుమతి లభించింది. ఎముకల చివరలు మూసుకుపోకముందే ఇస్తేనే ఫలితం. అందుకే త్వరగా గుర్తించడం ముఖ్యం. జన్యు పరీక్షలకు హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలున్నాయి.

ఏటా జూన్‌లో హాస్టల్ గోడ మీద ప్రతి ఒక్కరి ఎత్తుకూ ఒక గీత గీయండి. బడి ఈడు పిల్లవాడు ఏడాదిలో 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే వార్డెన్ గారికి చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అంతేగాని పేరు పెట్టి పిలవకండి. జన్యువును ఎవరూ కోరి తెచ్చుకోరు. తప్పు ఆ పిల్లవాడిదీ కాదు, వాళ్ళమ్మదీ కాదు.